ఆకుమడతలోని కాపురము

వంశధారకును నాగావళికిని నడుమనున్న పల్లపు మళ్ళలో ఉభాలు ముగిసి, నాటిన నారు వేరూని, పిలకలు వేసి, గట్టుమీద నిలిచిన రైతు మనస్సునకు కొంత నిశ్చింత కలుగు భాద్రపదమాసమందు, ఆ పచ్చదనము నడుమ అక్కడక్కడ కొన్ని ఆకులు నిలువునా మడతపడి, వాటి అంచులు రెండును కుట్టినట్లు కలిసిపోయి, పొడవునా తెల్లని చారలు తేలి కనిపించును. ఆ మడతను గోటితో మెల్లగా విప్పినచో లోపల రెండు సెంటీమీటర్లకు మించని పసరువన్నె పురుగొకటి వెనుకకు జరుగును. చేయి తగిలినంతనే మెలికలు తిరిగి నీటిలోనికి జారిపడును. శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల కర్షకులు దీనిని ఆకుముడత పురుగందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నఫలోక్రోసిస్ మెడినాలిస్. వరి వంగడము స్వర్ణయైనను సాంబమసూరియైనను దీనికి భేదము లేదు. 

రైతునకిది చీడ. ఆ దృష్టి న్యాయమే, దానికి పిమ్మట వత్తును. కాని చీడయను మాటను క్షణకాలము ప్రక్కకు నెట్టి, ఆ మడతను కేవలమొక కట్టడముగా చూచినచో ఒక విచిత్రమైన ప్రశ్న తలయెత్తును. ఈ పురుగునకు తిండి కొరత లేదు. తాను నిలిచిన నేలయే దాని అన్నము. తల వంచిన చాలు, నోటికందును. ఐనను ఇది తినుటకు ముందు కట్టుటకు పూనుకొనును. కట్టుటకు కావలసిన దారము గాలినుండి వచ్చునది కాదు. అది శుద్ధమైన మాంసకృత్తు. ఆకులలో నీరును పీచును మెండు, మాంసకృత్తులు స్వల్పము. ఆ స్వల్పములోనుండి, తన దేహముగా పెరుగవలసిన భాగమును పురుగు దారముగా వ్యయము చేయుచున్నది. అంతియేకాదు, కట్టుచున్నంతసేపును అది తినుట లేదు, దాగుట లేదు. పిట్టల కంటికి బయలుపడి యున్నది. ఇంత మూల్యము చెల్లించి సంపాదించుకొను ఈ యింటివలన దానికి కలుగు లాభమేమి?

ముందుగా కట్టెడు విధమును చూతము. పురుగునకు చేతులు లేవు. ఆకును వంచగల కండబలమును లేదు. దాని క్రింది పెదవియందొక సూక్ష్మనాళము కలదు, అందుండి దారము వెలువడును. పట్టుపురుగు తన గూటికై వడకు దారమును, వరిచేని పురుగు తన మడతకై వాడు దారమును ఒకే కుదురునకు చెందినవి; రెండును రూపాంతరము చెందిన లాలాజల గ్రంథులనుండి పుట్టినవే. లోపల ఫైబ్రాయిన్ అను గట్టి పోగు, పైన సెరిసిన్ అను జిగురుపూత. పురుగు ఆకుపై నిలిచి, తలను ఈ అంచునుండి ఆ అంచునకు మాటిమాటికి ఊపుచు, పోగుమీద పోగుగా దారమును అతికించుచుండును. ఇంతవరకు ఓపికగల కన్ను చూడగలదు. ఐతే ఆ సన్నని దారము బిరుసైన ఆకునెట్లు వంచుచున్నది? అమెరికాలో టెరెన్స్ ఫిట్జెరాల్డ్ అను కీటకశాస్త్రజ్ఞుడును అతని సహచరులును 1991లో ప్రకటించిన ప్రయోగములు దీనికి సమాధానము చెప్పినవి. పురుగు దారమును అతికించునప్పుడు దానిని సాగదీసి అతికించును. తడిగా సాగిన ఆ పోగు పిమ్మట తనంతట తాను కుంచించుకొని పొట్టిదగును. ఒక్క పోగు లాగు బలము గణనీయము కాదు. కాని వందలకొలది పోగులు కలిసి లాగినప్పుడు ఆకు వెంట్రుకవాసి లొంగును. లొంగినంతనే అంచులు దగ్గరపడును గావున తరువాతి పోగు మరింత పొట్టిగా పడును, అది మరికొంత లాగును. ఈ విధముగా పురుగు తన దేహబలముతో గాక దారము యొక్క భౌతికధర్మముతో ఇల్లు కట్టుచున్నది. సీతంపేట, కురుపాము కొండలలో గిరిజనస్త్రీలు అడ్డాకులతో విస్తళ్ళు కుట్టునప్పుడు ఆకును ముందు చేత సరిచేసి వంచి పిమ్మట పుల్ల గ్రుచ్చుదురు. పురుగు పని దీనికి సరిగా తలక్రిందులు. ఇది ముందు కుట్టును. ఆ కుట్టే ఆకును వంచును.

వరియాకునకు ఎద్దడివేళ నీటిని కాపాడుకొనుటకై లోపలికి చుట్టుకొను స్వభావము సహజముగనే కలదు. చెరువు నీటిని నమ్ముకొన్న విజయనగరపు మెట్టప్రక్క మళ్ళలో వాన జాగుచేసిన యేట ఈ చుట్టుకొన్న ఆకులను చూచి పురుగు పడినదని భ్రమించువారున్నారు. సాయంకాలమునకో, తడి తగిలిన పిమ్మటనో విచ్చుకొన్నచో అది దప్పిక. విచ్చుకొనక తెల్లచార మిగిలినచో అది పురుగు. గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన పసిపురుగునకు ఇల్లు కట్టు శక్తి యింకను రాదు. అది మొక్క నడిమిలో ఇంకను విచ్చుకొనని లేతాకు సుడిలోనికి ప్రాకి, ప్రకృతి చుట్టియిచ్చిన ఆ గొట్టములో తలదాచుకొనును. ఒకసారి కుబుసము విడిచి, కొంత ఒళ్ళు చేసిన పిమ్మటనే సొంత మడతకు పూనుకొనును. మడతలోపలి పచ్చని పొరను గీకి తిని, పైపొరను గోడగా మిగుల్చును. మనకు కనబడు తెల్లచార ఆ మిగిలిన గోడయే. లోపలి పచ్చదనము తరిగిపోగానే ఆ యిల్లు విడిచి మరియొక ఆకును మడుచును. ఒక్క పురుగు పెక్కు ఆకులను పాడుచేయుట ఇందువలననే.

ఇట్టి గృహనిర్మాతలు ఈ ప్రాంతమున వరికే పరిమితములు కావు. పలాస కాశీబుగ్గల కార్ఖానాలకు గింజ పంపు జీడితోటలలో కొత్త చిగురును పూతయు వచ్చువేళ లామిడా జాతి పురుగు ఆకులను పూగుత్తులను ఒక్కటిగా అల్లి, ఆ అల్లికలో కాపురముండును. సువర్ణరేఖలకును పణుకులకును పేరొందిన విజయనగరపు మామిడితోటలలో ఆకుగూడు పురుగు కొమ్మచివరి ఆకులను గుదిగ్రుచ్చి గూడు కట్టును. ఇది ఏకాంతవాసి కాదు, ఒకే గూటిలో పెక్కు పురుగులుండును. ఎండి గోధుమవన్నె తిరిగిన ఆ ఆకుల కుప్పలు పంట ముగిసిన పిమ్మట కూడ కొమ్మలకు వ్రేలాడుచుండును. నువ్వుచేలలో ఆకుముడత పురుగు మొదట తలయాకులను దగ్గరకు చేర్చి కట్టుకొని, కాయపట్టిన పిదప కాయలోనికి తొలుచుకొనిపోవును. వరి కోసిన మళ్ళలో వేయు మినుము పెసరలపై మారుకా మచ్చల పురుగు పూవులను ఆకులను కలిపి గూడల్లును. ఈతచెట్ల ఆకురేకులను గొట్టముగా చుట్టుకొనునది యొకటి, ఏజెన్సీలోని పసుపు అల్లములను చుట్టుకొనునది యొకటి కలవు. ఈ రెండును చీడపురుగులుగా తక్కువ, సీతాకోకచిలుకలుగా ఎక్కువ మనోహరములు.

ఇవన్నియు స్థిరగృహములు. వాటికంటె నా మనస్సును విశేషముగా ఆకర్షించినవి చరగృహములు. నీరు నిలువ గట్టిన వరిమడిలో ఒక్కొక్కప్పుడు అంగుళములోపు పొడవుగల ఆకుగొట్టములు వందలకొలది తేలుచు, గాలి వీచిన వైపు గట్టు మూలకు చేరి యుండును. చూచువారు వీటిని గాలికి తెగిన ఆకుకొనలనుకొందురు. నిజమునకు ప్రతి గొట్టములోను ఒక పురుగుండును. అది ఆకుకొనను తగు కొలతకు కొరికి, చుట్టి, అంచులను దారముతో బిగించి, లోపల పట్టుపొర పరచుకొని, ఆ గొట్టమును పడవగా చేసికొని మొక్కనుండి మొక్కకు ప్రయాణము చేయును. రాత్రివేళ గొట్టముతో సహా మొక్కనెక్కి మేయును. శలభజాతులలో అత్యంత విరళమైన లక్షణము దీనికి కలదు: దేహము ఇరుప్రక్కల సన్నని పోగులవంటి మొప్పలుండుటచే ఇది నీటినుండి ప్రాణవాయువును గ్రహింపగలదు. గొట్టమందెల్లప్పుడును కొంత నీరు నిలువయుండవలెను. ఆ నీరు తొలగిన దినమున దానికి ఊపిరియే లేదు. ఇచ్చట ఇల్లనగా దాగుచోటు మాత్రమే కాదు, జలపాత్ర కూడ. ఈ సంగతి తెలిసిన రైతు చేయవలసినదెల్ల మడిలోని నీటిని రెండు మూడు దినములు తీసివేయుటయే.

రెండవ చరగృహము తుమ్మలపైనను, తీరపు ఇసుకదిబ్బలపై పెంచు సరుగుడు తోటలలోను కాననగును. ఎండుపుల్లలను చిన్నచిన్న ముక్కలుగా కొరికి, పట్టుసంచికి చుట్టును నిలువుగా అతికించుకొని, తలమాత్రము వెలికి చాచి, ఆ పుల్లలమోపును ఈడ్చుకొనుచు తిరుగు పురుగది. దీని జాతులనేకములందు ఆడుదానికి రెక్కలే రావు. తాను కట్టుకొన్న సంచిలోనే పెరిగి, సంచిలోనే గ్రుడ్లు పెట్టి, సంచిలోనే మరణించును. సింహళమందు ఉద్యోగము చేసిన జేమ్స్ ఎమర్సన్ టెన్నెంట్ 1861లో ప్రకటించిన తన ప్రకృతిచరిత్రలో, పూర్వజన్మమున కట్టెలు దొంగిలించిన మనుష్యులే ఈ జన్మమున కట్టెలమోపు మోయు పురుగులై పుట్టుదురని ఆ దేశీయులు నమ్ముదురని వ్రాసినాడు. కర్మసిద్ధాంతము ఇంత చిన్నదేహమునకు ఇంత చక్కగా అమరుట మరియెచ్చటను చూడము.

ఇక మొదటి ప్రశ్నకు మరలుదము. ఎవ్వరినడిగినను శత్రువులనుండి దాగుటకే యని సమాధానమిత్తురు. ఆ సమాధానము తప్పు కాదు, అసంపూర్ణము. పసులపోలిగాడు వంటి పిట్టలు, కందిరీగలు, సాలీళ్ళు, చీమలు, ఇవన్నియు మెత్తని ఒడలుగల పురుగునకు వేటకాండ్రే. విషరోమములు గాని దుర్వాసన గాని లేని పసరుపురుగునకు మరుగే కవచము. కాని మరుగొక్కటే కావలసినచో ఆకు అడుగున చేరిన చాలును. దారము ఖర్చు అక్కరలేదు.

రెండవ కారణము నీరు. పురుగు చర్మము పలుచన. పసిపురుగైనచో దాని దేహపరిమాణముతో పోల్చగా చర్మవైశాల్యము మరింత ఎక్కువ గావున ఎండకును గాలికిని త్వరలో ఎండిపోవును. ఆకు నిరంతరము తన సూక్ష్మరంధ్రములనుండి నీటియావిరిని విడుచుచుండును. ఆకు మడతపడినప్పుడు ఆ ఆవిరి బయటికి పోవక లోపలనే నిలుచును. మిట్టమధ్యాహ్నమున బయట వడగాలి వీచుచున్నను లోపలి గాలి తేమగానుండును. శ్రీకాకుళ తీరమందలి ఉద్దానపు కొబ్బరితోటలలో నల్లతల గొంగళిపురుగు కట్టడమును ఈ దృష్టితో చూడవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను నేలకూల్చగా మిగిలిన చెట్లతోను, పిమ్మట నాటిన మొక్కలతోను నేడు నిలిచియున్న ఆ తోటలలో ఈ పురుగు ఆకురేకుల అడుగుభాగమున తన మలమును, ఆకుపొడిని దారముతో కలిపి సొరంగములవంటి కప్పులు కట్టుకొని, వాటి మరుగున పచ్చని పొరను గీకి తినును. క్రిందనుండి చూచువారికి మట్టలు నిప్పు సోకినట్లు మాడి కనిపించును. వానలు వెనుకపట్టి ఎండలు ముదురు నెలలలోనే దీని ఉద్ధతి హెచ్చుట గమనింపదగినది. ఇంటిలోపలి వాతావరణమును తానే నిర్మించుకొనగల ప్రాణికి బయటి గ్రీష్మము అంతగా బాధకము కాదు.

జడివానకు కొట్టుకొనిపోకుండుట, గాలికి జారిపోకుండుట అనునవి కూడ ఇల్లు ఇచ్చు లాభములే. బంగాళాఖాతపు వాయుగుండములు ఏటేట పలకరించు ఈ తీరమందు వాటిని విస్తరించి చెప్పనక్కరలేదు.

నాలుగవది నాకన్నిటికంటె ఆశ్చర్యకరము. మొక్కలు తమ్ము తినువారిపై ఊరక యుండవు. ఎండలో పెరిగిన ఆకు బిరుసెక్కును. చేదును వగరును ఇచ్చు రసాయనములను కూడబెట్టుకొనును. హైపరికమ్ అను పసుపుపూల మొక్కలో హైపరిసిన్ అను పదార్థము కలదు; దానిని తిన్న జీవిపై వెలుతురు పడినప్పుడే అది విషమై దహించును, చీకటిలో నిరపాయము. ఐనను ఆ మొక్కనే తిని బ్రతుకు కొన్ని పురుగులున్నవి. అవి ఆకులను దగ్గరకు చేర్చి కట్టుకొని, ఆ చీకటిలో కూర్చుండి తినును! శాండ్‌బర్గ్, మే బెరన్‌బామ్ అను పరిశోధకులు 1989లో ఈ రహస్యమును వెల్లడించిరి. మరికొన్ని మొక్కలలో, మడతలో చీకటిపాలైన లేతాకు బిరుసెక్కక మెత్తగా నిలుచుననియు, దానిలోని రక్షకరసాయనములు తగ్గుననియు తేలినది. అనగా పురుగు కట్టుకొన్నది నివాసము మాత్రమే కాదు, ఆహారసంస్కారశాల కూడ. తాను తినబోవు వస్తువుయొక్క గుణమునే మార్చుకొనుచున్నది. ప్రతి పురుగు విషయములోను ఇది నిజమని చెప్పుట సాహసము. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క కారణము ప్రధానము, కొన్నింటికి అన్నియు కలవు.

ఇల్లున్నచో ఇంటి కష్టములును ఉండును. పురుగు బ్రతుకంతయు తినుటయు విసర్జించుటయే. మూసిన ఇంటిలో ఆ మలము పేరుకొన్నచో బూజు పట్టును. అంతకంటె పెద్ద ప్రమాదము, దాని వాసన శత్రువును పిలుచును. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమున మార్తా వైస్ 2003లో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున ప్రసిద్ధము. ఆకుగూటిలో వసించు ఒక అమెరికా సీతాకోకచిలుక పురుగు తన మలపుగుళికలను దేహపు చివరనున్న యంత్రాంగముతో తన ఒంటి పొడవునకు ముప్పది రెట్లకు మించిన దూరమునకు విసరివేయును. ఎందుకిట్లు విసరునని ఆమె పరీక్షించి చూడగా, మలము దగ్గరలోనున్న పురుగులను కందిరీగలు ఎక్కువగా కనుగొని చంపుచున్నట్లు స్పష్టమైనది. మన ఈతాకు గొట్టములలోని పురుగు ఆ కుటుంబమునకు చెందినదే. వరిచేని ఆకుముడత పురుగు మాత్రము ఈ శుచిత్వమును పాటించదు. మడత విప్పినచో దాని మలము లోపలనే కానవచ్చును. ఇల్లు మురికియైనంత త్వరగా విడిచిపోవుటయే బహుశః దాని నీతి.

ఇంటిపై హక్కు కూడ కలదు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జేన్ యాక్ బృందము 2001లో వర్ణించిన ఒక బర్చ్‌చెట్టు పురుగు, తన ఆకుగూటికి మరియొక పురుగు వచ్చినచో దవడలతో ఆకును తట్టి, గీకి, ప్రకంపనములతో హెచ్చరించును. చాలమార్లు ఆ హెచ్చరికతోనే వచ్చినది వెనుదిరుగును. విడిచిన యిండ్ల కథ దీనికి విరుద్ధము. అవి ఊరక పోవు. సాలీళ్ళు, పెంకుపురుగులు, ఇతరజాతుల పురుగులు వాటిలో చేరును. అమెరికాలో ఓక్‌చెట్లపై లిల్, మార్క్విస్ 2003లో చేసిన ప్రయోగములో, ఆకుగూళ్ళు కట్టు పురుగులుండుటచే ఆ చెట్లపై ఇతర కీటకజాతుల సంఖ్య పెరిగినట్లు తేలినది. మన జీడితోటల పాతగూళ్ళను విప్పినవారికి ఇది అనుభవమే.

దాగుటకు కట్టిన గోడయే ఆచూకీగా పరిణమించుట ఈ కథలోని అసలు మలుపు. పిట్ట కంటికి మరుగైన పురుగు, మడతపడిన ఆకువలననే బదనికలను పరాన్నజీవి కీటకములకు దొరకును. ఉద్దానపు నల్లతల పురుగునకు శత్రువైన గోనియోజస్ నెఫాంటిడిస్ చీమకంటె పెద్దది కాదు. అది మలపుకప్పుల వాసనను పసికట్టి, సొరంగములోనికి దూరి, తనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన పురుగును కుట్టి చలనరహితమును చేసి, దాని ఒడలిపై గ్రుడ్లు పెట్టి, పిల్లలు ఎదుగువరకు అక్కడనే కావలి కాయును. పురుగు తన రక్షణకై కట్టిన గృహము శత్రుసంతానమునకు ప్రసూతిగృహమగుచున్నది. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము వంటి చోట్ల బదనికలను ప్రత్యేకముగా పెంచి కొబ్బరితోటలలో విడుచుట చాలకాలముగా జరుగుచున్నది. వరిచేలలో ఓఫియోనియా అను సన్నని పెంకుపురుగు కలదు; ఎర్రగోధుమ దేహముపై నీలినల్లని పట్టీ దాని ఆనవాలు. అది మడతలవెంట తిరిగి, తెరచిన కొననుండి లోపల చొరబడి, దినమునకు మూడునుండి ఐదు ఆకుముడత పురుగులను భక్షించును. సాలీళ్ళు తల్లిపురుగులను పట్టును. ట్రైకోగ్రామా అను బదనిక పురుగును గ్రుడ్డులోనే సంహరించును. ఈ సైన్యమునకు జీతము లేదు.

ఇచ్చట రైతుయొక్క కష్టము మన విచారణలోనికి వచ్చును. మద్రాసు రాజధానిలో కీటకశాస్త్రము పాదుకొన్న దినములలోనే, బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకములపైనను, టి.వి. రామకృష్ణ అయ్యర్ 1940లో దక్షిణదేశపు పంటచీడలపైనను ఉద్గ్రంథములు ప్రకటించిరి. ఆనాటికి శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా కూడ కాదు. అది 1950లో ఏర్పడినది, విజయనగరము 1979లో. ఆ తరువాత పురుగుమందులు వచ్చినవి, మందు చల్లు యంత్రములు వచ్చినవి, మందులమ్ము దుకాణములు ప్రతి కూడలిలోను వెలసినవి. మడతపడిన ఆకు నాలుగుచోట్ల కనిపించినంతనే డబ్బా కొనుట ఆచారమైనది. ఆముదాలవలస ప్రాంతమున గట్టుమీద కూర్చున్న ఒక ముసలిరైతు ఈ ఆచారముపై చేసిన విమర్శను నేను శాస్త్రగ్రంథములలో చూడలేదు: "మందు కొట్టీసినాం బాబూ. అయితేటి? ఆ పురుగు ఆకుని మడిచీసి లోపల కూకున్నాది. దానికేటి తగుల్తాది? బయట తిరిగే సాలీళ్ళు సచ్చినాయి."

ఆయన మాటలో యథార్థము పూర్ణముగా నున్నది. దేహమునకు తగిలి చంపు మందులు మడతగోడను దాటలేవు. ఇంటిలోని దొంగ మిగిలి, వీధిలోని కాపరి చచ్చును. వియత్నాంలో మెకాంగ్ నదీముఖమున కె.ఎల్. హియాంగ్, మోనినా ఎస్కలడా మొదలైనవారు 1990ల నడిమిలో రైతులకొక పరీక్ష పెట్టిరి: పొలములో ఒక భాగమున మొదటి 40 దినములు ఆకుతిను పురుగులకు మందు చల్లక విడిచి, మిగిలిన భాగముతో పోల్చి చూచుకొనుడనిరి. రైతులు తమ కన్నులతో చూచిరి. దిగుబడిలో భేదము లేదు. పిలకదశలోనున్న వరి, పోయిన ఆకునకు బదులు కొత్త ఆకు వేసికొనగలదు. తెల్లచారలు కంటికి భయంకరములే గాని గాదెకు అంతగా నష్టము కలిగింపవు.

ఐతే దీనిని సర్వకాలములకు అన్వయించుట ప్రమాదము. చేను పొట్టకు వచ్చి, పోటాకు వెలువడిన పిమ్మట కథ వేరు. గింజకు పాలుపోయునది ప్రధానముగా ఆ ఆకే; దానిని మడిచి గీకినచో తాలు తప్పదు. యూరియా మితిమీరి వేసిన చేలలో ఆకు లేతగా, నల్లపచ్చగా ఏపుగా పెరుగును గావున తల్లిపురుగులు అచ్చటికే చేరును; నీడపడు చెట్లక్రింద మళ్ళలోను ఉద్ధతి అధికము. ఎరువు ఖర్చు పెట్టి పురుగును పిలిచి, మందు ఖర్చు పెట్టి దానిని వెళ్ళగొట్టుటకంటె మూర్ఖత్వము లేదని నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది.

మన పెద్దలెరిగిన పద్ధతి ఇంటి రహస్యము నెరిగిన పద్ధతి. ఇద్దరు మనుష్యులు ఎదురెదురు గట్లమీద నిలిచి, పొడవైన తాడునో రేగుకంపనో చేనుమీదుగా ఒకమారు ఇటు, ఒకమారు అటు లాగుదురు. మడతలు విచ్చుకొనును, పురుగులు నీటిలో పడును; ఇల్లు పోయిన పురుగు ఎండకును చేపకును కప్పకును పాలగును. నీటిగొట్టముల పురుగునకు కిరసనాయిలులో తడిపిన తాడు లాగి, పిమ్మట నీరు తీసివేయుదురు. వ్యవసాయశాఖవారు నేటికిని ఈ పద్ధతులనే మొదట చెప్పుచున్నారు. ఇద్దరు మనుష్యుల పూట కూలి తప్ప దీనికి వేరు పెట్టుబడి లేదు. కంప లాగుటకు మనుష్యులు దొరకుట లేదన్న మాట నిజమే. వలసలు ఖాళీచేసిన ఊళ్ళు ఈ జిల్లాలలో కొల్లలు. ఐనను ముగ్గురు నలుగురు రైతులు కలిసి ఒకరి చేలు ఒకరు లాగుకొన్నచో సాగని పని కాదు.

రాగోలులో వరి పరిశోధన స్థానము కలదు, నైరలో వ్యవసాయ కళాశాల కలదు. అచ్చటి విద్యార్థులు ఈ రెండు జిల్లాల ఆకుగూళ్ళన్నిటిని పంటచీడల పట్టికలో వరుససంఖ్యలుగా మాత్రమే నేర్చుకొనక, ఏ గూటిలో ఏ పురుగు, దాని వెంట ఏ బదనిక, విడిచిన గూటిలో ఏ అతిథి అని ఊరూరా విప్పి వ్రాసిపెట్టినచో, అది రైతునకును శాస్త్రమునకును ఉపకరించును. బడిపిల్లలు సైతము చేయదగిన పని యిది, భూతద్దమొకటి చాలును.

రైతుసోదరులకు నా మనవి ఒక్కటే. ఈ యేడు చేనిలో తెల్లచారలు కనబడినప్పుడు దుకాణమునకు పోవుటకు ముందు చేనులోనికి దిగి, చేనంతట ఒక్కొక్కచోట ఒక్కొక్కటిగా పది మడతలు విప్పి చూడుడు. అందు ఎన్నిటిలో పురుగు సజీవముగా నున్నది, ఎన్ని ఖాళీలు, ఎన్నిటిలో పురుగునకు బదులు బదనిక గూళ్ళో, పట్టీల పెంకుపురుగో, సాలీడో కూర్చున్నది లెక్కింపుడు. ఖాళీలును మిత్రులునే ఎక్కువగా కనబడి, చేను ఇంకను పిలకదశలోనే యున్నచో, మందు కొనకుడు.